స్ట్రాంగా, లైటా? తాడేపల్లి నుంచి చీమకుర్తి దాకా

సరదాకి బయల్దేరలేదు. ఉద్యోగం కోసం బయల్దేరాను. చీమకుర్తిలో గ్రానైట్ క్వారీ ఉన్న చెంచయ్యగారు ఒంగోలులో చిన్న బ్రూవరీ పెడుతున్నారు. ఫ్యాక్టరీ సీసాలు కాదు. అక్కడే కాచి, అక్కడే పులియబెట్టి, అక్కడే గ్లాసులో పోసి ఇచ్చే బీరు. దానికి బ్రూవర్‌గా నన్ను రమ్మన్నారు. నేను అనంతపురం వాణ్ణి. కెమికల్ ఇంజనీరింగ్ చదివి, బెంగళూరులో అలాంటి చోటే మూడేళ్ళుగా అసిస్టెంట్‌గా చేస్తున్నాను. ఆదివారం సాయంత్రంలోగా అవునో కాదో చెప్పాలి.

చెప్పే ముందు ఒక్క సంగతి తేల్చుకోవాలనుకున్నాను. ఈ పత్తి చేల మధ్య, మిర్చి కళ్ళాల మధ్య, బీరుని రుచి కోసం తాగే మనిషి ఒక్కడైనా ఉన్నాడా? ఉంటే వస్తాను, లేకపోతే రాను. దానికోసం ఒక నోటు పుస్తకం కొని ఐదు గళ్ళు గీశాను: రంగు, నురుగు, వాసన, చేదు, మింగాక నోట్లో మిగిలేది. నాలుగు రోజులు. మనిషికో వరుస. ఆ పుస్తకంలో ఎక్కువ భాగం ఖాళీగానే తిరిగొచ్చిందని ముందే చెప్పేస్తున్నాను.

తాడేపల్లి: నాలుగు కుళాయిలు

గురువారం మధ్యాహ్నం విజయవాడ స్టేషన్‌లో దిగేసరికి నాలుగు రోజులకి నేను మాట్లాడుకున్న అద్దె కారుతో మస్తాన్‌వలి గారు నిలబడి ఉన్నారు. గుంటూరాయన. నలభై అయిదేళ్ళుంటాయి. మద్యం ముట్టరు. ఆ సంగతి ఫోన్‌లోనే చెప్పారు: "నువ్వు తాగు, నేను తోలతాను. మనిద్దరికీ పేచీ ఉండదు." మొదటి పది నిమిషాల్లో నేను ఆయనకి తమ్ముణ్ణి, ఆయన నాకు అన్న అయిపోయాం.

కృష్ణ దాటగానే తాడేపల్లి వైపు ఒక చిన్న బ్రూవరీ ఉందని విని అక్కడికి పోయాం. అద్దం వెనక రాగి పాత్రలు మెరుస్తున్నాయి. బల్ల దగ్గర నాలుగు కుళాయిలు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఏం కావాలి సార్? స్ట్రాంగా, లైటా?" అన్నాడు వడ్డించే అతను.

"మీ దగ్గర నాలుగు రకాలున్నాయి కదండీ. ఏమేమిటి?"

"రెండు లేవు సార్. శనివారం వస్తాయి. ఉన్న రెండిట్లో ఒకటి స్ట్రాంగు, ఒకటి లైటు."

అవి గోధుమ బీరు, నల్ల బీరు అని రాబట్టడానికి నాకు అయిదు నిమిషాలు పట్టింది. గ్లాసు మూడు వందల ఇరవై. గోధుమ బీరు తెప్పించాను. గ్లాసుని ఫ్రీజర్‌లో పెట్టి తెచ్చారు, అంచున మంచు పొర. గోధుమ బీరులో పండిన అరటిపండు వాసన, కొసకి లవంగం వాసన రావాలి. అంత చలికి ముక్కుకి ఏదీ అందదు. పది నిమిషాలు ఆగాను. మంచు కరిగాక వాసన వచ్చింది, కానీ అరటిపండుది కాదు. అదేమిటో నాకు తెలుసు, అయినా ఇంకోసారి చూద్దామని ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

ఎదురుగా కూర్చుని మజ్జిగ తాగుతున్న మస్తాన్ అన్న నా గ్లాసు వైపు కొంచెం వంగారు. "ఇదేంది తమ్ముడూ, వెన్న కాస్తున్న వాసనొస్తంది?"

నాకు ఒళ్ళు మండింది. పులియడం పూర్తికాకుండా తొందరపడి చల్లబరిస్తే బీరులో వచ్చే తప్పు అదే. దాన్ని గుర్తుపట్టడానికి నాకు ఏడాది శిక్షణ పట్టింది. ఈయన మజ్జిగ గ్లాసు పక్కన పెట్టుకుని చెప్పేశారు.

పక్క బల్ల మీద అదే బీరు తాగుతున్న ఇద్దరిని అడిగాను, ఎలా ఉందండీ అని. "కూలింగ్ సూపరండి," అన్నారు ఒకాయన. రెండో ఆయన బొటనవేలు చూపించారు. పుస్తకంలో ఏ గడిలో రాయను? ఆరో గడి గీసి 'కూలింగ్' అని పేరు పెట్టాను.

బ్రూవర్‌తో ఒకసారి మాట్లాడొచ్చా అంటే వడ్డించే అతను విచిత్రంగా చూశాడు. "ఆయన బయటికి రారు సార్. లోపలుంటారు." బెంగళూరులో నన్నెవరైనా అడిగినా మావాళ్ళు అదే చెబుతారు.

గుంటూరు: ఏసీ కాయ

శుక్రవారం పొద్దున మిర్చి యార్డుకి పోవడం నా పథకంలో లేదు. చెంచయ్యగారు ఫోన్ చేసి, "గుంటూరు మీదుగానే వస్తన్నావుగా, మంచి కాయ చూసి పెట్టు. మన మొదటి బీరు మిర్చి బీరే," అన్నారు. బీరులో మిర్చి వేస్తే నురుగు నిలవదండీ అని మొదలుపెట్టాను. అప్పటికే ఫోన్ పెట్టేశారు.

యార్డు గేటు దాటకముందే దగ్గు మొదలైంది. లోపల కొండల్లా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు. లోపలున్నవాళ్ళెవరూ దగ్గడం లేదు, నేనొక్కణ్ణే. ఒక ముఠా కూలీ బస్తా దించి నన్ను జాలిగా చూసి, "మంచినీళ్ళు తాగమాకండి, ఇంకా ఎక్కువవుద్ది. బెల్లం ముక్క పెట్టుకోండి," అన్నాడు. బెల్లం ఎక్కడ దొరుకుతుందో చెప్పలేదు.

మస్తాన్ అన్న ఈ యార్డులోనే పన్నెండేళ్ళు ఒక కమిషన్ వ్యాపారి దగ్గర గుమాస్తాగా చేశారట. సరుకు చూడటమే పని. ఊపిరి ఆడక మానేసి కారు కొనుక్కున్నారు. ఒక టిక్కీలోంచి కాయ తీసి తొడిమ దగ్గర విరిచి, గింజలు రాల్చి, వాసన చూశారు. "ఇది పోయినేటిది. ఏసీ కాయ."

ఏసీ కాయ అంటే శీతల గిడ్డంగిలో దాచిన సరుకు. ఇంకోటి విరిచారు. "ఇది కొత్తది, నల్లరేగడిది. కోతకి ముందు వాన పడింది." టిక్కీ యజమాని అయిన రైతు పక్కనే ఉన్నాడు. నవ్వుతూ, "పడింది లేవయ్యా. గట్టిగా అనమాకు, కొనేవోళ్ళు ఇంటారు," అన్నాడు.

నా నోటు పుస్తకం ఎందుకో బరువుగా అనిపించింది. సరిగ్గా అప్పుడే, కాయ ముట్టుకున్న చేత్తో కన్ను నలుపుకున్నాను. ఆ తర్వాత అరగంట గురించి రాయడానికేమీ లేదు.

పొన్నూరు: చిటికెడు ఉప్పు

మధ్యాహ్నం పొన్నూరులో మస్తాన్ అన్న నమాజుకి వెళ్ళారు. నేను మెయిన్ రోడ్డు మీద ఒక బార్‌లోకి వెళ్ళాను. ఫ్రిజ్‌లో అట్టడుగున, వేరే రాష్ట్రంలోని ఒక చిన్న బ్రూవరీ సీసా కనపడింది. చేదు బీరు, మంచి పేరున్నది. ఒకటే ఉంది. తేదీ చూస్తే గడువు దాటి రెండు నెలలు. అయినా తెరిపించాను. కౌంటర్‌లో కూర్చున్నాయన సంతోషంతో, "ఆర్నెల్ల నుంచి దాన్నెవరూ అడగలేదండి," అన్నారు.

సీసాతో పాటు, నేను అడక్కుండానే, పల్లీలూ, చిన్న సాసర్‌లో ఉప్పూ వచ్చాయి. పల్లీలు సరే. ఉప్పెందుకో అర్థం కాలేదు. అదే బల్లకి అటువైపు రైసు మిల్లులో పనిచేసే వీరాంజనేయులు గారని ఒకాయన కూర్చున్నారు. ఆయన గ్లాసులో చిటికెడు ఉప్పు వేశారు. నురుగు బుస్సున పొంగి బల్ల మీదకి కారింది. అది తగ్గేదాకా ఓపిగ్గా చూసి, అప్పుడు తాగారు.

"ఎందుకండీ అలా? గ్యాసంతా పోయింది కదా!"

"పోవాలనేగా ఏసింది. గ్యాస్ పోతేనే బీరు దిగుద్ది."

ఆ గ్యాసుని బీరులో నిలబెట్టడానికి ఎంత ఒత్తిడి, ఎంత చలి, ఎన్ని రోజులు కావాలో నేను వివరించాను. కాగితం మీద గీత గీసి కూడా చూపించాను. ఆయన శ్రద్ధగా విని, ఇంకో చిటికెడు వేశారు. మా బెంగళూరులో ఎవరైనా ఇలా చేస్తే మా హెడ్ బ్రూవర్ ఆసుపత్రి పాలవుతాడు.

నా సీసాలో సగం ఆయన గ్లాసులో పోశాను. ఒక గుక్క తాగి మొహం చిట్లించారు. "ఏపాకు నానబెట్టారా? ఎన్ని పర్సెంటు?"

"అయిదు."

"అయిదుకి ఇంత చేదెందుకయ్యా?"

నాకు జవాబు దొరకలేదు. దొరకనందుకు ఇంకా చిరాకేసింది. వెళ్ళిపోతూ ఆయన నా పల్లీలకి కూడా డబ్బులిచ్చేశారని తర్వాత తెలిసింది. అడ్డుపడేందుకు కూడా వ్యవధి ఇవ్వని మర్యాద ఇక్కడిది. కారెక్కి పుస్తకం తీసి, 'ఒంగోలు: వద్దు' అని పెన్సిల్‌తో రాశాను. పెన్‌తో రాయలేదు, ఇంకా రెండు రోజులున్నాయి కాబట్టి.

చీరాల దారి: కలపమన్న పాపం

శుక్రవారం రాత్రి చీరాలలో పడుకున్నాం. శనివారం పొద్దున టీ దగ్గర, మంచి బీరు ఎక్కడ దొరుకుతుందని నేను అందరినీ అడుగుతుంటే, మగ్గం నేసే సుబ్బారావుగారు విసుక్కున్నారు. "ఈ ఎండల్లో బీరేంటి బాబూ? కల్లు తాగేవాళ్ళుండగా! రండి, నేనటే పోతన్నా."

మా అనంతపురంలో ఈతకల్లు. ఇక్కడిది తాటికల్లు. ఇది నా పుస్తకంలో లేని సరుకే అయినా, పులిసిన ద్రవమే కాబట్టి వెళ్ళాను. సముద్రం వైపు ఇసక నేలలో ఓ నలభై తాడిచెట్లు. గీసే ఆయన పేరు కోటయ్య. అప్పుడే చెట్టు దిగి నడుముకున్న మోకు విప్పుతున్నారు. చెట్ల కింద అయిదారుగురు తాటాకు దొన్నెలు పట్టుకుని కూర్చున్నారు. మస్తాన్ అన్న దూరంగా కారుకి ఆనుకుని నిలబడ్డారు.

నేను మొదట విన్న మాట ఇది. "కోటయ్యా, నాకు కాలవ పక్క పోతుతాడిది పొయ్యి. నిన్న ఆ కొసదాందిచ్చావు, పుల్లగుంది."

ఇంకొకాయన, "నాకు కొసదాందే కావాలి. పులుపు లేకపోతే అది కల్లా?"

నేను పుస్తకం తీశాను. ఆరు లొట్లున్నాయి, ఆరు చెట్లకి కట్టిన కల్లు కుండలు. విడివిడిగా తాగితే మధ్యాహ్నం చీమకుర్తిలో నిలబడలేను. ఇంజనీరింగ్‌లో నేర్పిన పద్ధతి ఒకటుంది: అన్నిట్లోంచీ సమంగా తీసి కలిపితే సగటు నమూనా వస్తుంది. "కోటయ్యగారూ, ఆరింట్లోంచీ కొంచెం కొంచెం కలిపి ఒక దొన్నెలో పోయండి," అన్నాను.

అందరూ నన్నే చూశారు.

"కలిపితే అది ఏ చెట్టుదీ కాదుగా బాబూ," అన్నారు కోటయ్య మెల్లగా.

సుబ్బారావుగారు అంత మెల్లగా అనలేదు. "మీరు మా ఇంటికి రామాకండి. రంగు తొట్లన్నీ కలిపి సగటు చీర నెయ్యమంటారు!"

ఆ నవ్వులు ఆగేదాకా ఇసక చూస్తూ కూర్చున్నాను. తర్వాత బుద్ధిగా రెండు చెట్లవి విడివిడిగా తాగాను. కాలవ పక్కది తియ్యన, లేత ముంజెల వాసన, మింగాక నాలుక మీద చిన్న చురుకు. కొసచెట్టుది పుల్లన, వెనక నుంచి నానబెట్టిన బియ్యం వాసన. పుస్తకంలో అయిదు గళ్ళూ నిండాయి. ఈ మూడు రోజుల్లో మొదటిసారి. కూలింగ్ గడి కొట్టేశాను.

ఇంతలో సుబ్బారావుగారు రెండో దొన్నె ఒక గుక్క తాగి పక్కన ఒంపేశారు. "కోటయ్యా, దీని లొట్టి నిన్న సరిగ్గా కడగలేదు."

ఈ మాట మా దగ్గర ఎవరన్నా అంటే మేనేజరు వస్తాడు, క్షమించమంటాడు, వేరే గ్లాసిస్తాడు, పీపాలో ఉన్నది అలాగే ఉంటుంది. కోటయ్య లొట్టి ఎత్తి వాసన చూశారు. అరచేతిలో పోసుకుని నాకి చూశారు. మొత్తం లొట్టిని ఇసకలో బోర్లించేశారు. నాలుగు లీటర్లుంటుంది. దానికోసమే పొద్దున ఆ చెట్టెక్కి దిగారు.

"మొత్తం పారబోశారేంటండీ? ఆయనొక్కరే కదా బాలేదన్నది?"

"ఆయనన్నాడని కాదు. నేనూ చూశాగా," అన్నారు. తర్వాత లొట్టి కడుగుతూ అడిగారు. "మీరూ ఇదే పనంటగా. మీది బాలేదని ఎవరన్నా అంటే ఏం చేస్తారు?"

"నాకు తెలీదండి. నేను లోపలుంటాను."

"లోపలుంటే ఎట్టా తెలుస్తది?"

మామూలుగానే అడిగారు. కానీ నాకు బెంగళూరులో ఒక శుక్రవారం గుర్తొచ్చింది. ట్యాంకులో వెన్న వాసన వచ్చింది. ఇంకో మూడు రోజులు ఉంచితే పోయేది. శనివారం జనం ఎక్కువ, బీరు తక్కువ. పర్వాలేదని సంతకం పెట్టింది నేనే. వెయ్యి లీటర్లు. ఒక్కరు కూడా బాలేదనలేదు. రుచి తెలీని జనం అనుకుని, వాళ్ళ మీదే విసుక్కున్నాను. తాడేపల్లిలో లోపలున్న ఆ బ్రూవర్ కూడా అదే అనుకుని ఉంటాడు.

ఒంగోలు బైపాస్: మూత

పరీక్షకని కాలవ పక్క చెట్టు కల్లు నా స్టీలు ఫ్లాస్కులో పోయించుకున్నాను. "మూత బిగించమాకండి, ఆకు దోపండి," అన్నారు కోటయ్య. "తెలుసండీ, నేను చదివిందే అది," అన్నాను.

తెలుసు. కానీ వేటపాలెం దాటకముందే మస్తాన్ అన్న కిటికీలు దించారు. "తమ్ముడూ, సోమవారం పొద్దున ఈ కార్లో ఒక పెద్దాయన కుటుంబాన్ని దర్గాకి తీసుకెళ్ళాలి. కారంతా ఈ వాసనైతే ఎట్టా? మూత పెట్టు." పది నిమిషాలకే కదా అని బిగించాను. నిద్రపట్టింది. ఒంగోలు బైపాస్ మీద మెలకువ వచ్చేసరికి గంటయింది, ఫ్లాస్కు ఎండలో ఉంది.

ఆ ఫ్లాస్కులో జరుగుతున్నదానికి నేను సమీకరణం రాయగలను. కారాపించి, బయటికి దిగి, నెమ్మదిగా తెరవాలని కూడా తెలుసు. కంగారులో కార్లోనే తిప్పాను. మూత ఎగిరి కారు పైకప్పుకి తగిలింది. దాని వెనకే లీటరు కల్లు.

మస్తాన్ అన్న కారు పక్కకి ఆపారు. అద్దం మీంచీ, పైకప్పు గుడ్డ మీంచీ, ఆయన టోపీ మీంచీ కారుతోంది. టోపీ తీసి కిటికీ బయట పిండారు. తర్వాత, "ఇంజనీరింగ్ ఎన్నేళ్ళు చదివావు?" అన్నారు.

"నాలుగు."

"బాగా చెప్పారు."

చీమకుర్తి: రెండు వేల లీటర్లు

కల్లుతో తడిసిన చొక్కాతోనే చెంచయ్యగారి ముందు నిలబడ్డాను. రోడ్డంతా గ్రానైట్ లారీల దుమ్ము కాబట్టి, తడిసినచోట మట్టి కూడా అంటింది. ఆయన ముక్కు ఎగబీల్చారు. "ఏమయ్యా, పొద్దున్నే మొదలెట్టావా?"

జరిగింది చెబితే పడీపడీ నవ్వి, షెడ్డుకి తీసుకెళ్ళారు. అక్కడ ప్లాస్టిక్ చుట్టిన నాలుగు కొత్త ట్యాంకులు. ఒక్కోటి రెండు వేల లీటర్లు. నన్ను అడక్కుండా కొనేశారు.

"ఇంత పెద్దవెందుకండీ? మొదట్లో మూడొందల లీటర్లవి చాలని మెయిల్‌లో రాశాను."

"మెయిలు చూళ్ళేదయ్యా. చిన్నదైతే గిట్టదు. ఒక స్ట్రాంగు, ఒక లైటు, ఒక మిర్చి. మూడు చాలు. రేపు సాయంత్రానికి చెప్పు. నువ్వు కాకపోతే బెంగళూరులో ఇంకొకాయన కూడా ఉన్నాడు."

ఆదివారం పొద్దున, లారీలు కడిగే చోట, నేను మస్తాన్ అన్న కారు కడిగాను. ఆయన కుర్చీలో కూర్చుని చూశారు. పులుపు విరగడానికి వంటసోడా నీళ్ళు కొట్టాను. మూడుసార్లు గుడ్డతో తుడిచాను. ప్రతిసారీ లేచొచ్చి వాసన చూసి, "ఇంకా ఉంది," అన్నారు. నా ముక్కుకి ఏమీ తెలియడం లేదు. ఆయన చెప్పిన మూల మళ్ళీ తుడిస్తే గుడ్డకి తెల్లగా జిగురొచ్చింది. మూడుసార్లూ ఆయన మాటే నిజమైంది.

అప్పుడు నా పెన్సిల్ రాత ఎంత తెలివితక్కువదో తెలిసింది. సరుకు విరిచి పుట్టుపూర్వోత్తరాలు చెప్పే ఊళ్ళలో, చెట్టుని బట్టి కల్లు అడిగే ఊళ్ళలో, రుచి తెలిసినవాళ్ళు లేరని రాసుకున్నాను. బీరు దగ్గర వాళ్ళకి స్ట్రాంగా లైటా అని తప్ప ఇంకో ప్రశ్న వేసినవాళ్ళు లేరు. వీరాంజనేయులు గారు వేసిన ప్రశ్నకి నేనే జవాబు చెప్పలేకపోయాను.

తడి చేత్తోనే ఫోన్ చేశాను. "చెంచయ్యగారూ, వస్తాను. మూడు షరతులు. ఒకటి, చిన్న ట్యాంకులు. రెండు, సాయంత్రాలు నేను బయట కుళాయిల దగ్గరే నిలబడతాను. మూడు, బాగా రాని బీరు నేనే పారబోస్తాను. మిమ్మల్ని అడగను."

"పారబోస్తావా? ఎంత?"

"చిన్న ట్యాంకైతే మూడొందల లీటర్లు. మీ ట్యాంకైతే రెండు వేలు."

అటువైపు రాళ్ళ క్రషర్ ఆపమని ఎవరికో కేకేశారు. "మా బ్లాకులో పగులు కనపడితే మేమూ పక్కన పడేస్తాం," అన్నారు. "కానీ అది కంకరకైనా పనికొస్తదయ్యా. నీది దేనికీ పనికిరాదుగా."

"రాదండీ."

"మరి ఆ ట్యాంకులేం చెయ్యను?"

"క్వారీలో నీళ్ళు పట్టుకోండి."

ఆయన నన్నొక మాటన్నారు, అది ఇక్కడ రాయను. తర్వాత, "సరే, ఒకటో తారీక్కి రా. మిర్చి బీరు మాత్రం చెయ్యాల్సిందే," అని పెట్టేశారు. మిర్చి వేస్తే నురుగు నిలవదన్న మాట ఈసారి కూడా ఆయన వినలేదు.

"ఒప్పుకున్నావా?" అన్నారు మస్తాన్ అన్న.

"ఒప్పుకున్నానన్నా."

"అయితే ఇక గుంటూరుకీ ఒంగోలుకీ ఇట్టా తిరుగుతానే ఉంటావు."

"మిర్చి కాయ కోసం వారానికోసారైనా రావాలి."

ఆయన కారు తలుపు తీసి, చివరిసారి లోపలికి వంగి వాసన చూశారు. బయటికొచ్చి తల అడ్డంగా ఊపి, గుడ్డ నా చేతిలో పెట్టారు.

"తిరుగు. ఆర్టీసీ బస్సులు బోలెడున్నాయి."